చివర ముట్టుకున్నవాళ్ళు

రేకుల షెడ్డు తలుపు తీయడానికే అరగంట పట్టింది. కింది బందు తుప్పుపట్టి చేతిలోకి ఊడొచ్చింది. ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి తలుపుని భుజంతో ఎత్తిపట్టుకుంటే, ఆమె గోడకి కాలు తన్నిపెట్టి పక్కకి లాగింది. వెలుతురు లోపల పడేసరికి ముందు రెండు పెద్ద చక్రాలు కనిపించాయి. వాటి మధ్య సీటు, సీటు మీద ఏ కోడో పొదిగి వదిలేసిన గడ్డి. పదకొండేళ్ల కిందట నలుగురూ కలిసి ట్రాక్టరుని నెట్టుకొచ్చి ముక్కు గోడకి ఆనించేశారు. అప్పట్నించీ అది గోడకేసి చూస్తూనే ఉంది.

వరండాలో తమ్ముడు పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో నురగతోనే అరిచాడు.

"అక్కా! స్టార్టయ్యాక డబ్బా మర్చిపోకు. ఈసారైనా!"

వంటింట్లోంచి మరదలి నవ్వు వినిపించింది. మేస్త్రి కూడా అలవాటు కొద్దీ నవ్వబోయి, ఆమె ఏ మొహం పెట్టిందో కనపడక ఆపేశాడు.

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. ట్రాక్టరు పొగగొట్టం బానెట్ మీద నిటారుగా నిలబడి ఉంటుంది. బండి ఆపాక దాని మీద ఖాళీ పాలడబ్బా బోర్లించాలి, వాన నీళ్ళు ఇంజన్లోకి దిగకుండా. పొలం నుంచి ఎవరు తెచ్చారన్నది లెక్క కాదు. చివర ముట్టుకున్నవాళ్ళదే డబ్బా బాధ్యత. పదకొండేళ్ల కిందట ఓ సాయంత్రం తమ్ముడు బండి తెచ్చి దారికి అడ్డంగా వదిలేసి వెళ్తే, ఆమె ఎక్కి పదడుగులు జరిపి పెట్టింది. ఆ రాత్రి వాన కొట్టింది. పొద్దున చూస్తే డబ్బా నేల మీద ఉంది, ఇంజన్ రాయిలా బిగుసుకుపోయింది. ఆమె డబ్బా పెట్టిందో లేదో ఆమెకే తెలీదు. పెట్టినట్టే గుర్తు. రోజూ పెడుతుంది కాబట్టి అలా గుర్తేమో.

అప్పట్నించీ ఇంట్లో పాలు పొంగినా, తాళం పోయినా, ఎవరిదో చెప్పు తెగినా "డబ్బా పెట్టావా అక్కా?" అనే అన్నారు. ఎదురింటి పిల్లలు కూడా ఆమెని డబ్బా అత్తనే పిలిచారు. తండ్రి మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఎవరైనా అంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. కోపం ఇంకా తగ్గలేదనుకునేది ఆమె.

ఆయన పోయిన రెండో నెల్లో పెద్దమనుషులు కూర్చుని పొలమూ ఇల్లూ కొడుక్కి, ట్రాక్టరు కూతురికి అన్నారు. "పాడు చేసినమ్మకే ఇచ్చాం, న్యాయంగానే ఉందిగా" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి సంతకం పెట్టింది.

ఇప్పుడు షెడ్డున్న జాగా తమ్ముడు అమ్మేశాడు. శనివారం పొద్దున కొన్నవాళ్ళు కంచె స్తంభాలతో వస్తారు. అప్పటికి కదలనిదేదైనా పాతినుము బండెక్కుతుంది. అటు ఆమె తొమ్మిదేళ్లుగా మొక్కల కుండీలు మోస్తున్న నర్సరీలో, మట్టి తోలడానికీ నీళ్ళ ట్యాంకరు లాగడానికీ బండి కావాలి. "శనివారానికి తెచ్చావా, బండి నీది, డ్రైవరువి నువ్వు. లేదంటే వేరేవాళ్ళని మాట్లాడుకుంటా, ఏమనుకోకు" అన్నాడు నర్సరీ ఆసామి. ఆమె నడుము ఇంకో ఏడాది కుండీలు మోయదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఇవాళ సోమవారం.

"మొహం ఇటు తిప్పుదాం ముందు" అన్నాడు మేస్త్రి.

చక్రాల కింద గునపాలు వేసి, వరండాలోంచి తమ్ముణ్ణి కూడా పిలిచి, ముగ్గురూ నెట్టారు. తమ్ముడు చొక్కా విప్పి మరీ పట్టాడు. మాటలెన్ని అన్నా పనికి వెనకాడే రకం కాదు. ట్రాక్టరు మూలుగుతూ ఒక్కో జానెడే వెనక్కొచ్చింది. షెడ్డు బయట వెలుగులో చూస్తే పాత రంగు అక్కడక్కడా మాత్రమే మిగిలింది. ముందు టైరు ఒకటి నేలకి పరుచుకుపోయింది.

"నా కళ్ళు పోయాయని తెలిసే పిలిచావుగా?" అన్నాడు మేస్త్రి, స్పానర్ల సంచీ విప్పుతూ. "రెండిట్లోనూ పొరలే. స్పానరు నంబరు కూడా తడిమి చూడాల్సిందే."

"చేతులున్నాయిగా."

"చేతులకేం, పని చూపిస్తే లేచి కూర్చుంటాయి. చూడ్డం మాత్రం నీ వంతు. ఏది కనిపిస్తే అది చెప్పు. నీకు చిన్నదనిపించింది కూడా చెప్పు."

ఆ రోజు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు మూడూ ఊడదీశారు. ఆ కన్నాల్లోంచి డీజిలూ కిరసనాయిలూ కలిపి పోశారు. మేస్త్రి చెవి ఇంజన్‌కి ఆనించి, అది లోపలికి ఇంకే చప్పుడు వినాలన్నట్టు కూర్చున్నాడు. "నానాలి. తొందరపడితే విరుగుతుంది" అన్నాడు. ఆమె ఈలోపు డీజిల్ ట్యాంకు దింపి, గుప్పెడు గులకరాళ్ళు వేసి గిలకొట్టి, అడుగున పేరుకున్న జిడ్డు కడిగింది. నాలుగుసార్లు కడిగినా ఐదోసారి నల్లగానే వచ్చింది.

మంగళవారం ఫ్లైవీలు పళ్ళలో గునపం పెట్టి ఇద్దరూ వేలాడారు. ఇంజన్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మేస్త్రి చేతులు తుడుచుకుని "సరే. హెడ్డు దింపాల్సిందే" అన్నాడు.

ఇంజన్ మీద మూతలా ఉండే ఆ హెడ్డు నట్లు ఒక్కొక్కటీ విప్పడానికి ముందు ఆమె వైరు బ్రష్షుతో వాటి చుట్టూ మట్టీ నూనే గీకింది. గీకుతూ గీకుతూ ఒకచోట ఆగింది.

"మేస్త్రీ, ఇక్కడ తెల్లరంగుతో అంకెలేసి ఉన్నాయి. ప్రతి నట్టు పక్కనా ఒకటి. మీరేసినవేనా?"

"నేనా? నాకు అంకెలెందుకు? మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి రావడం. అది మర్చిపోయిన రోజు నేను మేస్త్రీనే కాదు. ఈ హెడ్డు రెండుసార్లు దింపాను. ఒక్కసారి కూడా అంకెలు వెయ్యలేదు."

"పద్నాలుగు దాకా ఉన్నాయి."

"ఎవడో పని రానివాడు విప్పాడన్నమాట. ఏది ఎక్కడిదో మర్చిపోతానని భయపడి వేసుకున్నాడు."

ఆమె ఏడో నంబరు మీద బొటనవేలు పెట్టి తుడిచింది. ఏడు నడుముకి అడ్డంగా చిన్న గీత ఉంది. విత్తనాల బస్తాల మీద, గోడ మీద పాల లెక్కల్లో, ఆమె స్కూలు పుస్తకాల అట్టల మీద తండ్రి ఏడు అలాగే రాసేవాడు. ఒకటీ ఏడూ కలిసిపోతాయని ఆయనకి భయం.

"నాన్న రాత" అంది.

మేస్త్రి స్పానరు కింద పెట్టాడు. "బండి బిగుసుకున్నాక నన్ను పిలవలేదు మీ నాన్న. మర్నాడు రోడ్డు మీద కనపడితే నేనే అడిగా, వచ్చి చూడనా అని. ఇంకెందుకులే, లోపలికి నీళ్ళు పోయాయి, అయిపోయింది అన్నాడు. అంటే తనే విప్పి చూసుకున్నాడన్నమాట."

హెడ్డు మధ్యాహ్నానికి లేచింది. ఇద్దరూ చెరోవైపూ పట్టి చెక్కబల్ల మీద బోర్లించారు. మూడు సిలిండర్లలో మొదటిదీ మూడోదీ తుప్పు లేకుండా నల్లగా ఉన్నాయి. రెండో దాంట్లో పిస్టన్ చుట్టూ ఎర్రటి తుప్పు, ఇటుకపొడి పోసినట్టు.

"చూశారా, నీళ్ళు" అంది ఆమె. గొంతు తనకే కొత్తగా వినిపించింది. పదకొండేళ్లుగా విన్నదాన్ని కళ్ళారా చూస్తోంది.

"తొందరెందుకు. పొగ బయటికి పోయే దారి చూడు ముందు. గొట్టంలోంచి నీళ్ళు దిగితే, సిలిండరు కంటే ముందు ఆ దారి తుప్పు పట్టాలి. వేలు పెట్టి చూడు."

ఆమె వేలు పెట్టింది. బయటికి తీస్తే వేలికి మసి అంటుకొచ్చింది. మెత్తగా, పొడిగా, కాటుకలా ఉంది. రెండోసారి ఇంకా లోపలికి పెట్టింది. అదే మసి. తుప్పు మరక ఒక్కటీ లేదు.

మేస్త్రి హెడ్డుకీ ఇంజన్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ తీసుకుని, కళ్ళు మూసుకుని అంచు వెంట వేళ్ళు నడిపించాడు. ఒకచోట వేలు కిందికి జారింది. అక్కడే ముందుకీ వెనక్కీ తడిమాడు.

"ఇక్కడ కాలిపోయింది చూడు. దీనికి ఇటుపక్క నీళ్ళు తిరిగే దారి, అటుపక్క రెండో సిలిండరు. మధ్య గోడ కాలిపోతే నీళ్ళు రాత్రంతా ఇటు కారతాయి. ఇది ఆకాశం నుంచి వచ్చిన నీళ్ళు కాదమ్మాయ్. రేడియేటర్లోవే." గ్యాస్కెట్ ఆమె చేతిలో పెట్టాడు. "బండిని ఎండబెట్టి తోలారు. నీళ్ళు లేకుండా, పొగలు కక్కేదాకా. తర్వాత ఎవరో కంగారుపడి ఒకేసారి చన్నీళ్ళు పోశారు."

"నేను జరిపింది పదడుగులే."

"పదడుగుల్లో కాలదు. గంటసేపు తోలాలి."

"బానెట్ వేడిగా ఉందనుకున్నా ఆ రోజు. పొద్దుట్నించీ పొలంలో ఉంది కదా అని..."

"ఎవరు తోలారు పొలంలో?"

ఆమె తల తిప్పి వరండా వైపు చూసింది. మేస్త్రి స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచీలో వేస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "పద్నాలుగు నట్లు విప్పాడు. ఇది చూశాడు. మళ్ళీ పద్నాలుగూ బిగించాడు. మనిషికి ఎంత ఓపికో!"

ఆ సాయంత్రం మరదలు టీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ హెడ్డు లేని ఇంజన్‌లోకి తొంగిచూసింది. "అమ్మో, ఎంత తుప్పో! ఒక్క డబ్బా ఎంత పని చేసింది వదినా!" అంది. చెడ్డ మనసుతో అన్నది కాదు. కాపరానికొచ్చాక ఆ ఇంట్లో విన్న మొదటి జోకు అదే. ఆమె టీ తాగింది. చెప్పడానికి నోటిదాకా వచ్చింది. కానీ బండి చచ్చి పడుంటే ఏం చెప్పినా సాకులా ఉంటుంది. గ్లాసు కడిగి ఇచ్చేసింది.

బుధవారం లేత్ షాపులో హెడ్డు అడుగు చదును చేయించారు. గురువారం రెండో పిస్టన్ మీద చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టారు. గట్టిగా కొట్టకూడదు, ఆపకూడదు. మేస్త్రి భుజం అలిసిపోతే ఆమె కొట్టింది. ఒక్కో దెబ్బకీ మూడ్రోజులుగా నానిన నూనె అంచుల్లో బుడగలు కట్టేది. ఆ రోజు ఎన్ని దెబ్బలు కొట్టిందో తెలీదు గానీ, తండ్రి మొహం ప్రతి దెబ్బకీ ఒక్కోలా గుర్తొచ్చింది. డబ్బా మాట రాగానే అన్నం ముందునుంచి లేచిపోయే మొహం. మంచంలో పడ్డాక ఆమె మందు తాగిస్తుంటే పైకప్పు వైపు తిప్పుకున్న మొహం. స్పూను ఆయన పళ్ళకి తగిలి చప్పుడయ్యేది. ఆఖరి వారం ఒకసారి ఆయన ఆమె మణికట్టు పట్టుకుని "బండి..." అన్నాడు. "బండి సంగతి ఇప్పుడెందుకు నాన్నా, తప్పైపోయింది కదా" అని తనే ఆయన నోరు మూయించింది.

సుత్తి ఆగింది.

"కదిలింది" అన్నాడు మేస్త్రి. చెయ్యి పిస్టన్ మీదే ఉంది. "గోరంత. ఇంకో రెండెయ్యి."

శుక్రవారం కొత్త గ్యాస్కెట్ పరిచి హెడ్డు ఎక్కించారు. అంకెలు ఇంకా ఉన్నాయి. బిగించే వరస మేస్త్రి చేతులు చూసుకున్నాయి. ఆమె ఆ తెల్లరంగుని బ్రష్షుతో గీకేద్దామని మొదలుపెట్టి రెండో నంబరు దగ్గర మానేసింది. టైరు ట్యూబుకి అతుకులేయించింది. రేడియేటర్‌లో నీళ్ళు నింపి, ఎక్కడైనా కారుతున్నాయేమోనని కింద అట్టముక్క పరిచి పొద్దుపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. అట్ట పొడిగానే ఉంది.

శనివారం కంచె వాళ్ళు ఎనిమిదింటికే స్తంభాలు దించడం మొదలుపెట్టారు. పాతినుము బండి కూడా వీధి మొదట్లో వచ్చి ఆగింది. దాని యజమాని బీడీ ముట్టించుకుని, ఎలాగూ తనకే వచ్చే సొత్తన్నట్టు దూరం నుంచే ట్రాక్టరుని కొలుస్తున్నాడు.

బ్యాటరీ చాలలేదు. సెల్ఫు కొడితే ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. రైసుమిల్లు లారీ నడిపే తమ్ముడు పనికి బయల్దేరబోతూ చూసి, లారీని వెనక్కి తిప్పుకొచ్చి పక్కన పెట్టాడు. తనే వైర్లు తగిలించాడు. "నా లారీ బ్యాటరీ కొట్టిందంటే శవమైనా లేవాల్సిందే. కొట్టక్కా!"

మేస్త్రి డీజిల్ పైపు నట్టు సడలించి గాలి పోనిస్తున్నాడు. బుడగలు తగ్గి సన్నటి ధార రాగానే బిగించాడు. "ఇప్పుడు" అన్నాడు.

మొదటిసారి తెల్లటి పొగ వచ్చింది. రెండోసారి ఒక్క సిలిండరు దగ్గి ఊరుకుంది. మూడోసారి ఆమె సెల్ఫు వదల్లేదు. ఇంజన్ ఒకటి కొట్టి, ఒకటి తప్పి, మళ్ళీ కొట్టి, ఉన్నట్టుండి మూడూ కలిసి అందుకున్నాయి. షెడ్డు రేకులు అదిరాయి. గొట్టంలోంచి మసీ, ఆకుల పొడీ ఎగిరి అందరి తలల మీదా పడ్డాయి. కంచె వాళ్ళు పని ఆపి చూశారు. మేస్త్రి రెండు అరచేతులూ బానెట్‌కి ఆనించి నిలబడ్డాడు. పాతినుము ఆసామి బీడీ పారేసి బండి తిప్పుకున్నాడు.

తమ్ముడి కళ్ళు తడయ్యాయి. వైర్లు తీసి పైకి వచ్చి మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. "నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో అక్కా!"

ఆమె థ్రాటిల్ కొద్దిగా తగ్గించింది, మాట వినపడేంత.

"ఏరా. ఆ రోజు రేడియేటర్‌లో నీళ్ళు చూసుకున్నావా?"

వాడు ఏ రోజని అడగలేదు.

"ఎక్కడక్కా! ఫ్యాను బెల్టు తెగితే కూడా చూసుకోలేదు. పొగలు కక్కాక బోరు దగ్గర బిందెడు నీళ్ళు పోసి తెచ్చా. మర్నాడు పొద్దునే నాన్నకి చెప్పేశాగా."

"చెప్పావా?"

"చెప్పకేం? కాళ్ళు పట్టుకున్నంత పని చేశా. ఆ వారమే కదా మిల్లువాళ్ళు డ్రైవరుగా రమ్మన్నది. ఇంజన్ కాల్చినోడని తెలిస్తే లారీ ఇస్తారా మరి! నాన్నే అన్నాడు, నువ్వు నోరు మెదపకు, డబ్బా లేదనుకుంటున్నారు, అలాగే అనుకోనీ అని. దాన్నెవరూ డ్రైవరుగా పిలవబోవడం లేదు కదా, దానికొచ్చే నష్టమేంటి, తర్వాత నేను చెప్తాలే దానికి అన్నాడు." వాడు ఆమె మొహం చూసి ఆగాడు. "చెప్పాడుగా నీకు?"

ఇంజన్ తన మానాన తను కొట్టుకుంటోంది.

"అక్కా? నీకు తెలుసనుకున్నా. తెలిసే ఊరుకుంటున్నావనుకున్నా. అందుకే కదా అంత ధైర్యంగా జోకులేసేది! ఒట్టు!"

ఆమె వాణ్ణి నమ్మింది. నమ్మకుండా ఉండగలిగితే బాగుండేది.

మరదలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పొగలోంచి వచ్చి చక్రం పక్కన నిలబడింది. "నడిచేసిందే! వదినా, డబ్బా ఎవరు పెడతారు ఇప్పుడు?" అని నవ్వింది.

"దానికి చెప్పు" అంది ఆమె తమ్ముడితో. "ఇంకెవరికీ వద్దు. దానికొక్కదానికి చెప్పు. ఇప్పుడు."

వాడు భార్య వైపు చూశాడు. కంచె వాళ్ళ వైపు చూశాడు. వాళ్ళలో ఇద్దరు మిల్లుకి ధాన్యం తోలేవాళ్ళే. మడ్‌గార్డు మీద చేత్తో మసి తుడిచాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు గానీ అది చక్రం దాకా కూడా పోలేదు.

"ఏంటీ? వినపడ్డం లేదు!" అని అరిచింది మరదలు.

"ఏం లేదే" అని అరిచాడు వాడు. "అక్క బయల్దేరుతోందంటున్నా!"

ఆమె క్లచ్ తొక్కింది. వాడు కిందికి దూకాడు. మేస్త్రి తడుముకుంటూ వచ్చి వాడు లేచిన మడ్‌గార్డు మీదికి ఎక్కి కూర్చున్నాడు. గేరు రెండుసార్లు గరగరమని మూడోసారి పడింది. గేటు దాటేటప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. ఆ పాత స్టీరింగుకి రెండు చేతులూ, రెండు కళ్ళూ కావాలి.

దారిలో మేస్త్రి ఒక్క మాటే అన్నాడు. "టీకొట్టు దగ్గర దింపెయ్. ఇంటికి కాదు. అక్కడ కూర్చునేవాళ్ళకి చెప్పాలి, నా చేతులతో లేచిందని." దిగాక చాలాసేపు, బండి మలుపు తిరిగేదాకా, చప్పుడు వస్తున్న వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

నర్సరీ రేకుల గేటు దగ్గర ఆసామి రబ్బరు పైపుతో నీళ్ళు పడుతున్నాడు. పైపు కింద పెట్టి ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరు కాలితో తన్ని చూశాడు.

"బానే మోగుతోందే! మరి ఇన్నాళ్ళూ ఎందుకు పడుకోబెట్టారు దీన్ని?"

వచ్చే దారిలో ఆమె అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. తండ్రి గురించి, పద్నాలుగు అంకెల గురించి, పళ్ళకి తగిలిన స్పూను గురించి.

"మా తమ్ముడు నీళ్ళు లేకుండా తోలాడు. హెడ్డు గ్యాస్కెట్ కాలిపోయింది" అంది. పదకొండేళ్లలో ఎవరైనా ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి.

"ఓహో" అన్నాడాయన. వంగి పైపు తీసుకున్నాడు. "సరే, ఆ ట్యాంకరు తగిలించు. అటు చివర గులాబీలు వాడిపోతున్నాయి."

ఆమె కాసేపు సీటు మీదే కూర్చుంది. ఆయన ఇంకేమైనా అడుగుతాడేమో అన్నట్టు. ఆయన అప్పటికే రెండో మడి దగ్గర ఉన్నాడు.

మెడ వెనక్కి తిప్పి, ట్యాంకరు కొక్కెం చూసుకుంటూ, నెమ్మదిగా బండిని వెనక్కి పోనిచ్చింది. మొదటిసారి జానెడు పక్కకి పోయింది. ముందుకి తెచ్చి, మళ్ళీ వెనక్కి పోనిచ్చింది.